ముక్క తీసి 19 రోజులు, పూర్తి రిపోర్టు రాలేదు. ఇంట్లో ఆవిడకి ఏం చెప్పను?

పెన్నా_గట్టు
సెప్టెంబర్ 28, రాత్రి 11:40

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు జిల్లా. నాకు 49, మా ఆవిడకి 44. పాప ఇంజినీరింగ్ రెండో సంవత్సరం, చిన్నోడు పదో తరగతి.

ఆగస్టు ఆఖర్లో మా ఆవిడ స్నానం చేసి వచ్చి, ఎడమ రొమ్ములో గోలీ లాగా తగుల్తా ఉండాది, నొప్పి మాత్రం లేదు అనింది. లేడీ డాక్టరు మామోగ్రామ్ రాస్తే సెప్టెంబర్ 2న తీయించాం. కింద బైరాడ్స్ 4సి అని రాసుండారు, అంటే క్యాన్సర్ అనుమానం గట్టిగా ఉందని. 9వ తేదీ పెద్ద ఆసుపత్రిలో సూదితో ముక్క తీశారు. వారంలో రిపోర్టు అన్నారు. 16న పోతే రాలేదన్నారు. 18న పోతే రిపోర్టు తయారైంది, సంతకం పెట్టే డాక్టరు లేరన్నారు. 22న చేతికిచ్చారు. ఇన్వేసివ్ డక్టల్ కార్సినోమా, గ్రేడ్ 2. అంటే రొమ్ము క్యాన్సరే. ఐహెచ్‌సీ అని ఇంకో పరీక్ష ఉంది, అది వస్తేనే ఏ మందు ఇవ్వాలో తేలుతుంది అన్నారు. ఇవ్వాళ్టికీ అది రాలేదు. ఫోన్ చేస్తే ఒక కౌంటర్ వాళ్లు ఇంకో కౌంటర్‌కి కలుపుతారు, ఆ కౌంటర్‌లో ఫోన్ మోగుతానే ఉంటది.

అసలు బాధ ఇది కాదు. 22న డాక్టరు గదిలోకి నేనూ మా బావమరిదీ పోయినాం. ఆవిడ బయట కుర్చీలో ఉండింది. బయటికి వచ్చేలోపలే బావమరిది నా చెయ్యి పట్టుకోని, అక్కకి చెప్పొద్దు బావా, తట్టుకోలేదు అన్నాడు. నేను ఆ ఊపులో "ఇన్‌ఫెక్షన్ గడ్డంట, ఇంకో పరీక్ష చేయాలంట" అని చెప్పేశా. రిపోర్టు తీసుకపోయి బీరువా మీద పాత గ్యాస్ పుస్తకాల కింద పెట్టినా. ఆరు రోజులైంది. ఆవిడ ఒక్క మాట అడగలేదు. అడిగుంటే బాగుండేది.

అడగాలనుకునేవి మూడు. ఈ ఐహెచ్‌సీకి మామూలుగా ఎన్నాళ్లు పడుతుంది? ఈ ఆలస్యంలో జబ్బు ముదిరిపోతుందా? ఆవిడకి చెప్పాలా వద్దా? నిద్ర పట్టడం లేదు. ఎవరైనా ఈ దారిలో నడిచినవాళ్లుంటే చెప్పండి.


ల్యాబ్_బ్లాక్
సెప్టెంబర్ 29, ఉదయం 6:15

అన్నా, నేను గుంటూరులో పాథాలజీ ల్యాబ్ టెక్నీషియన్‌ని. డాక్టర్ని కాను. ముక్క మా చేతికి వచ్చాక ఏం జరుగుతుందో మాత్రం చెప్పగలను.

తీసిన ముక్కని ఫార్మలిన్‌లో వేస్తారు. రొమ్ము ముక్క అయితే కనీసం 6 గంటలు నానాలి, 72 గంటలు దాటకూడదు. తక్కువైనా ఎక్కువైనా తర్వాత చేసే పరీక్షలు తప్పు చూపించే ప్రమాదం ఉంది. ఆ తర్వాత రాత్రంతా మెషిన్‌లో నీళ్లు తీసేసి మైనం ఎక్కిస్తాం. పొద్దునకి అది చిన్న మైనపు బిళ్ల అవుతుంది, దాన్నే బ్లాక్ అంటాం. దాన్ని ఉల్లిపొర కన్నా పల్చగా కోసి, గాజు పలక మీద పరిచి, రంగు వేస్తే డాక్టరు మైక్రోస్కోప్‌లో చూస్తారు. మీకు 22న వచ్చింది ఆ రిపోర్టు.

ఐహెచ్‌సీకి మళ్లీ సూది గుచ్చరు. అదే బ్లాక్ నుంచి ఇంకొన్ని పొరలు కోస్తారు. ఈఆర్, పీఆర్ (గడ్డ హార్మోన్లకి పెరిగే రకమా అని), హెర్2 (గడ్డని పెంచే ఒక ప్రొటీన్ ఎక్కువుందా అని), ఈ మూడు ముఖ్యమైనవి, చాలాచోట్ల గడ్డ ఎంత వేగంగా పెరుగుతుందో చూపే కీ-67 కూడా చేస్తారు. సొంత ల్యాబ్‌లో అయితే రెండు మూడు రోజుల పని. బయటికి పంపితే వారం పైన. ఇంకో మాట ఇప్పుడే చెప్తున్నా, తర్వాత విని కంగారు పడొద్దు. హెర్2 సున్నా గానీ 1+ గానీ వస్తే నెగెటివ్, 3+ వస్తే పాజిటివ్. 2+ వస్తే మాత్రం తేలనట్టు. అప్పుడు ఫిష్ అని ఇంకో పరీక్ష, ఇంకో వారం పది రోజులు.

మీరు ఫోన్‌లో "రిపోర్టు వచ్చిందా" అని అడిగితే రాలేదు అనేస్తారు. అలా అడగొద్దు. రిపోర్టు పైన బయాప్సీ నంబర్ ఉంటుంది. అది పట్టుకుని నేరుగా పాథాలజీ విభాగానికి వెళ్లి "ఈ నంబర్ బ్లాక్ ఇప్పుడు ఎక్కడుంది, ఐహెచ్‌సీకి ఏ రోజు పంపారు" అని అడగండి. ఐహెచ్‌సీకి బిల్లు విడిగా ఉంటుంది, అది కట్టారా లేదా కూడా చూసుకోండి.

ఆలస్యం గురించి: పరీక్షలన్నీ పూర్తి కావడానికి కొన్ని వారాలు పట్టడం మామూలే. రొమ్ము క్యాన్సర్ రాత్రికి రాత్రి పాకేది కాదని డాక్టర్లు చెప్తారు. అలాగని నెలలు గడవనివ్వకూడదు. ఏ మందుకి లొంగుతుందో తెలియకుండా మొదలుపెట్టడం కన్నా ఈ పది రోజులు ఆగడం మంచిది, కానీ ఊరికే ఆగిపోవడం వేరు. మీది ఏదో రేపు వెళ్లి తేల్చుకోండి.


విశ్రాంత_మాస్టారు
సెప్టెంబర్ 29, ఉదయం 8:02

నాయనా, నీ బావమరిది చెప్పింది ప్రేమతో చెప్పిన మాట. పన్నెండేళ్ల కిందట మా ఇంట్లోనూ ఇదే పరిస్థితి. మా ఇల్లాలికి గర్భసంచి క్యాన్సర్. నేను, పిల్లలు కూర్చుని చెప్పకూడదని అనుకున్నాం. చివరిదాకా చెప్పలేదు. ఆమె ధైర్యంగానే ఉంది, రోజూ పూజ చేసుకుంది, మనవడితో ఆడుకుంది. మనిషి సగం జబ్బుతో పోతే సగం భయంతో పోతుంది. ఆ భయం నువ్వు మోసుకో, ఆమె మీద పెట్టకు. నా అనుభవం ఇది.


మంజీర_ఒడ్డు
సెప్టెంబర్ 29, మధ్యాహ్నం 1:30

మాస్టారు గారూ, మీ మీద గౌరవంతోనే చెప్తున్న. నేను బయట ఆ కుర్చీల కూసున్న మనిషిని.

ఆరేండ్ల కింద నాకు కుడి రొమ్ముల గడ్డ. మాది సంగారెడ్డి. మా ఆయన, మా మరిది లోపలికి పోయిన్రు, నన్ను బయట కూసోబెట్టిన్రు. బయటికి వచ్చినంక మా ఆయన నా మొఖం దిక్కు చూడలే, నేరుగా మందుల షాపు దిక్కు నడిచిండు. నాకు ఆడనే ఎరుకైంది. ఆ తర్వాత నెల రోజులు ఇంట్ల అందరూ నా ముంగట నవ్వుడే. నేను వంటింట్లకు పోంగనే మాటలు ఆగిపోయేటివి. అత్తమ్మ నాకు పని చెప్పుడు బంద్ చేసింది. నాకు తెల్సని చెప్తే వాళ్ల మనసు విరుగుతదని నేను గూడ నటించిన. ఒక ఇంట్ల ఇంతమంది ఉండి నేను ఒక్కదాన్నే ఏడ్చిన, బాత్రూంల నల్లా ఇప్పి.

కీమో మొదలు పెట్టేనాడు నర్సు వచ్చి జుట్టు రాలుతదమ్మా అన్నది. గట్ల తెల్సింది నాకు అధికారికంగ. మొగుడు చెప్పాల్సిన మాట నర్సు చెప్పింది. జుట్టు పోయినందుకు కాదు, గా మాటకు ఇప్పటికీ నాకు కోపం పోలే.

అన్నా, ఇది ఆమె ఒళ్లు. రొమ్ము తీస్తరా, ఉంచుతరా, ఎన్ని కీమోలు, ఇవన్నీ ఆమెను అడగాలె. సంతకం ఆమెతోని పెట్టిస్తరు కద, ఏమని పెట్టిస్తరు? చెప్పున్రి. మీరే చెప్పున్రి. బావమరిదితోని చెప్పియ్యకున్రి.


కృష్ణలంక_కోడలు
సెప్టెంబర్ 29, సాయంత్రం 4:45

మంజీర అక్క చెప్పినదానికి నా తరఫు మాట కలుపుతున్నాను. నాది మీ స్థానం అన్నయ్యా. మా ఆయనకి నోటి క్యాన్సర్, గుట్కా వల్ల. బుగ్గ లోపల తెల్ల మచ్చగా మొదలై పుండు అయింది. పోయిన ఏడాది విజయవాడలో మొదలుపెట్టి మూడు ఊళ్లు తిరిగాం.

చెప్పేటప్పుడు మేం ఏం చేశామంటే, అంతా ఒకేసారి కుమ్మరించలేదు. రాత్రి అన్నాలయ్యాక నేనే అడిగాను: "డాక్టరుగారు చెప్పినవి నా దగ్గర ఉన్నాయి. మీకు ఎంతవరకు చెప్పమంటారు?" ఆయన కాసేపు ఊరుకుని, పేరు చెప్పు చాలు, ఎన్నో స్టేజో చెప్పకు అన్నారు. పేరు చెప్పాను. నాలుగు రోజుల తర్వాత ఆయనే పిలిచి మిగతాది అడిగారు. వాళ్లని అడగడమే దారి. మనం ఊహించుకుని దాచకూడదు, మనం ఊహించుకుని చెప్పేయనూ కూడదు.

ఇంక ఆసుపత్రి పని. ఒక ప్లాస్టిక్ జిప్ ఫైల్ కొనండి. తేదీల వరసలో రిపోర్టులు, వెనకాల సీడీలు, ఆధార్, కార్డు, జిరాక్సులు. ఒక రెండొందల పేజీల నోట్‌బుక్. ఎవరు ఏమన్నారో, వాళ్ల పేరు, టైము రాసుకోండి. నాకు మొదట్లో సిగ్గనిపించేది, పోలీసులా రాస్తున్నానని. కానీ "శుక్రవారం ఉదయం ఫలానా సిస్టర్ సోమవారం ఇస్తామన్నారు" అని నోట్‌బుక్ చూసి చదివితే ఎదుటివాళ్ల గొంతు మారుతుంది. అరిచినప్పుడు ఎప్పుడూ పని కాలేదు నాకు. చదివి వినిపించినప్పుడు అయింది.

రేడియేషన్‌కి ముందు పళ్ల డాక్టరుకి చూపించాలని మాకు ఎవరూ ముందు చెప్పలేదు. పాడైన పళ్లు ముందే తీసేయాలి, ఆ పుండ్లు మానాలి, అప్పుడు ముఖానికి మాస్కు అచ్చు తీస్తారు. అది ముందే తెలిసుంటే రెండు వారాలు కలిసొచ్చేవి. అందుకని ఏ డాక్టరు దగ్గర లేచి వచ్చేటప్పుడైనా ఒకటే అడగండి: "దీని తర్వాత ఏం చేయాలి, దానికి ఇప్పటినుంచే ఏం సిద్ధం చేసుకోవాలి?"

బంధువుల ఫోన్లకి ఒక మనిషిని పెట్టండి. మీ బావమరిదికి అప్పజెప్పండి, ఆయన ప్రేమకి అదో పని.


వేదిక_నిర్వహణ
సెప్టెంబర్ 29, రాత్రి 7:10

ఆకు పసరుతో గడ్డ కరుగుతుందని, సూది గుచ్చితే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందని రాసిన రెండు జవాబులు తీసేశాం. చికిత్స ఆపించే సలహాలు ఇక్కడ ఉంచం.


ల్యాబ్_బ్లాక్
సెప్టెంబర్ 29, రాత్రి 7:55

తీసేసిన మాట గురించే ఒక ముక్క, ఎందుకంటే ఊళ్లో ప్రతి ఇంట్లో ఇది వింటారు. రొమ్ము గడ్డకి సూదితో ముక్క తీసి నిర్ధారించడం ప్రపంచమంతటా చేసే పద్ధతి. దానివల్ల పాకుతుందనే భయంతో పరీక్ష మానుకుని, గడ్డ పుండై పగిలాక వచ్చిన ముక్కలు మా బల్ల మీదకి వస్తుంటాయి. ఆ ఆడవాళ్ల వయసు 40, 45. దయచేసి ఆ మాట ఎవరూ నమ్మొద్దు.


పెన్నా_గట్టు
సెప్టెంబర్ 30, మధ్యాహ్నం 2:20

ల్యాబ్ తమ్ముడూ, నీకు చేతులెత్తి దండం పెడతా ఉండా.

పొద్దున బయాప్సీ నంబర్ కాగితం మీద రాసుకోని పాథాలజీకి పోయినా. అది రెండో అంతస్తులో లిఫ్టు వెనక సందులో ఉండాది, ఇన్ని రోజులు నేను కింద కౌంటర్ దాటి పోలేదు. లోపల అమ్మాయి రిజిస్టర్ తీసి వేలు పెట్టి చూసి, "బ్లాక్ ఇక్కడే ఉందండీ, ఐహెచ్‌సీకి బిల్లు కట్టలేదు కదా, అందుకే పంపలేదు" అనింది. 22వ తేదీ నుంచి అది ఆ డబ్బాలో ఉండాది. బిల్లు కట్టాలని డాక్టరు చెప్పలేదు, కౌంటర్ చెప్పలేదు, ఫోన్లో చెప్పలేదు. ఎనిమిది రోజులు. నేను అక్కడే గోడకి ఆనుకోని నిలబడిపోయినా.

అరవలేదు. కృష్ణలంక చెల్లెమ్మ మాట గుర్తొచ్చింది. నోట్‌బుక్ కొన్నా, మొదటి పేజీలో అదే రాసినా. బిల్లు కట్టి, రసీదు ఆ అమ్మాయికి చూపించి, ఏ రోజు పంపుతారో అడిగినా. సాయంత్రం కొరియర్‌లో పోతుంది, వారం పడుతుంది, తన డెస్కు నంబర్ ఇచ్చింది. మంచి పిల్ల.

ఇంట్లో ఇంకా చెప్పలేదు. మంజీరమ్మ రాసింది నాలుగుసార్లు చదివినా.


ఓరుగల్లు_తోరణం
సెప్టెంబర్ 30, రాత్రి 9:05

అన్నా, నేను కొన్నేండ్లు ఆరోగ్యశ్రీ డెస్కు మీద ఆరోగ్యమిత్రగా చేసిన. డబ్బుల కాడ ఆగిపోవద్దని రాస్తున్న.

ఆంధ్రల ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నరు, తెలంగాణల ఆరోగ్యశ్రీనే. మా దిక్కు 2023 డిసెంబర్‌ల పరిమితి 10 లక్షలు చేసిన్రు. కీమో, రేడియేషన్, ఆపరేషన్ మూడూ ఉంటయి. ఆసుపత్రి లిస్టుల ఉన్నదా, అందులో క్యాన్సర్ విభాగం ఉన్నదా, రెండూ అడగాలె. ఒకటి ఉండి ఒకటి లేనివి ఉంటయి.

అప్రూవల్‌కు బయాప్సీ రిపోర్టు తప్పకుండ అడుగుతరు. కార్డుల పేరు, ఆధార్‌ల పేరు, రిపోర్టుల పేరు ఒకటే ఉండాలె. ఇంటిపేరు ఒకదాంట్ల ముందు, ఒకదాంట్ల వెనక ఉంటే ఫైలు వాపస్ వస్తది. నేను చూసిన ఆలస్యాలల్ల సగం గిసొంటియే. రిపోర్టు చేతికిచ్చిన నిమిషంలనే పేరు, వయసు, ఎడమనా కుడినా చూసుకోండ్రి. తప్పుంటే ఆడనే దిద్దిపియ్యండ్రి. డెస్కు వాళ్లు పట్టించుకోకపోతే 104కి కొట్టండ్రి.


డాలస్_నుంచి
అక్టోబర్ 1, ఉదయం 9:30

ఇక్కడి సంగతి వేరు, కానీ బాధ అదే. అమెరికాలో 2021 నుంచి రిపోర్టు తయారైన వెంటనే పేషెంట్ ఫోన్‌లోకి వచ్చేస్తుంది, డాక్టరు చూడకముందే. మా ఆవిడ థైరాయిడ్ ముక్క రిపోర్టు శుక్రవారం రాత్రి ఏడింటికి ఫోన్‌లో టింగుమంది. డాక్టరుతో మాట్లాడింది సోమవారం. ఆ మూడు రాత్రులు ఒక్కో ఇంగ్లీషు పదం వెతుక్కుంటూ కూర్చున్నాం. రెండోసారి ముందే మాట అనుకున్నాం: ఇద్దరం పక్కపక్కన కూర్చున్నప్పుడే తెరవాలి, ఎవరూ ఒంటరిగా తెరవకూడదు. ఆ తర్వాత స్కాన్‌కి ఇన్సూరెన్స్ అనుమతి మూడు వారాలు ఆగింది. ఇక్కడా బిల్లింగే.


లెస్టర్_వాన
అక్టోబర్ 1, మధ్యాహ్నం 3:10

ఇంగ్లండ్‌లో గడువులు రాసిపెట్టి ఉంటాయి. క్యాన్సర్ అనుమానంతో పంపాక 28 రోజుల్లో ఉందో లేదో చెప్పాలి, 62 రోజుల్లో చికిత్స మొదలవ్వాలి. చాలామందికి ఆ గడువులు దాటిపోతూనే ఉన్నాయి. మా ఆయనకి ప్రోస్టేట్. మాకు కలిసొచ్చింది గడువు కాదు, పేషెంట్‌కి ఒక క్యాన్సర్ నర్సుని కేటాయిస్తారు, ఆవిడ నంబర్ ఇస్తారు. మీకు ఆ పాథాలజీ అమ్మాయి అలా దొరికింది. ఆ అమ్మాయి పేరు గుర్తుపెట్టుకోండి, పని అయ్యాక వెళ్లి థాంక్స్ చెప్పండి.


పెన్నా_గట్టు
అక్టోబర్ 4, ఉదయం 5:50

రాత్రి చెప్పినా.

చిన్నోడు ట్యూషన్‌కి పోయినాడు. ఆవిడ పాలవాడి లెక్క చూస్తా ఉండింది. మా వంటింట్లో తలుపు పక్కన క్యాలెండర్ ఉంటాది, రోజూ ఎన్ని పాలు పోయించుకుంటే అన్ని గీతలు. సెప్టెంబర్ కాగితం వెనక్కి తిప్పి లెక్కపెడతా ఉంటే నేను పోయి పక్కన నిలబడినా. అప్పుడు చూసినా. 9వ తేదీ నుంచి పాల గీతల కింద, మూలలో, పెన్సిల్‌తో చిన్న చుక్క. 10కి, 11కి, 12కి, వరసగా నెలాఖరు దాకా. అక్టోబర్‌లో కూడా మూడు.

ఏంది ఇవి అంటే, "ముక్క తీసిన కాడినుంచి ఎన్ని రోజులైందో" అనింది. తలెత్తలేదు. నేను ల్యాబ్ చుట్టూ రోజులు లెక్కపెడతా ఉంటే ఆవిడ వంటింట్లో అదే లెక్క పెడతా ఉండాది.

కృష్ణలంక చెల్లెమ్మ చెప్పినట్టే అడిగినా, డాక్టరు చెప్పింది నా దగ్గర ఉంది, ఎంతవరకు చెప్పమంటావు అని. "ఆ గది బయట ఆంకాలజీ, క్యాన్సర్ విభాగం అని బోర్డు ఉండాది. నాకు చదవడం వచ్చు. మీరు చెప్తారని చూస్తా ఉండా" అనింది. బీరువా మీదనుంచి రిపోర్టు తెచ్చి చేతికిచ్చినా. కళ్లజోడు పెట్టుకోని మొత్తం చదివింది. పాపకి ఎప్పుడు చెప్దాం అని అడిగింది. తర్వాత ఏడ్చింది. నేనూ ఏడ్చినా. చిన్నోడు వచ్చేలోపల మొహాలు కడుక్కోని దోసెలు పోసుకున్నాం.

ఒకటి మాత్రం అనింది, ఈసారి డాక్టరు గదిలోకి నేను పోతా, మీరు నా పక్కన కూర్చోండి అని.


విశ్రాంత_మాస్టారు
అక్టోబర్ 4, ఉదయం 10:25

నాయనా, నేను మొదట రాసింది వెనక్కి తీసుకుంటున్నాను. మంజీర అమ్మాయి రాసినప్పుడే మనసు కలుక్కుమంది, ఇప్పుడు నీ క్యాలెండర్ చదివాక నిద్రపోయిన సంగతి ఒకటి లేచి కూర్చుంది. ఆఖరి సంక్రాంతికి మా ఇల్లాలు పెట్టె తెరిచి తన చీరలు రెండు మూటలు కట్టింది. ఒక దాని మీద కూతురి పేరు, ఒక దాని మీద కోడలి పేరు చీటీ గుచ్చింది. ఎందుకే అని నేను అడగలేదు. పండగ సర్దుళ్లు అనుకున్నాను, అనుకోవాలని అనుకున్నాను. ఆమెకి తెలుసు. నాతో అనలేదంతే, నేను తట్టుకోలేనని. మీరిద్దరూ కలిసి ఏడ్చారు, ఆ అదృష్టం నేను పోగొట్టుకున్నాను.


మంజీర_ఒడ్డు
అక్టోబర్ 4, సాయంత్రం 6:00

మాస్టారు గారూ, గట్ల అనుకోకున్రి. మా ఆయన గూడ ప్రేమతోనే దాచిండు. ఇయ్యాల ఈ పేజీ మా ఆయనకు చదివి వినిపించిన. ఆరేండ్లకు మొదటిసారి గా రోజు గురించి మాట్లాడినం.

అన్నా, జబ్బు ఒంట్ల ఇంకెక్కడన్న ఉన్నదా అని చూసే పెట్ స్కాన్ ఉంటదేమో మీకు. వదినెకు ఒక మాట ముందే చెప్పున్రి. ఒంటి మీద లోహం ఏదీ ఉండొద్దంటరు. పుస్తెలతాడు, మెట్టెలు, గాజులు, అన్నీ తియ్యాలె. ఆడ పది మంది ముంగట నర్సు తీయమంటే నాకు కాళ్లు వణికినయి. ఇంటికాన్నే పసుపు తాడుకు పసుపు కొమ్ము కట్టుకుని పోవాలె, బంగారం ఇంట్ల పెట్టి పోవాలె. మెట్టెలు ఏండ్ల సంది ఉన్నయి కద, రావు. ముందురోజు రాత్రి కొబ్బరినూనె పెట్టి తీయున్రి.


ల్యాబ్_బ్లాక్
అక్టోబర్ 4, రాత్రి 8:40

పెట్ గురించి ఇంకొంచెం. ఆరు గంటలు ఏమీ తినకూడదు, మంచినీళ్లు తాగొచ్చు. షుగర్ ఉంటే ముందే చెప్పాలి, ఏ మాత్ర ఆపాలో వాళ్లే చెప్తారు. రక్తంలో చక్కెర ఎక్కువుంటే ఆ రోజు స్కాన్ వాయిదా వేస్తారు, అది తెలియక వెనక్కి వచ్చేవాళ్లున్నారు. సూది ఇచ్చాక గంటసేపు కదలకుండా, మాట్లాడకుండా పడుకోవాలి. చలేస్తుంది, శాలువా తీసుకెళ్లండి.

ఆ సూది మందులో రేడియేషన్ ఉంటుంది, అది సుమారు 110 నిమిషాలకు సగమైపోతుంది. అందుకే ఏ రోజుది ఆ రోజే తెప్పిస్తారు, చాలాసార్లు వేరే ఊరి నుంచి వస్తుంది. అది ఆలస్యమైతే అందరూ ఆలస్యం. మీరు ఆలస్యమైతే మీ మందు పోయినట్టే. వచ్చాక ఆ రోజంతా నీళ్లు బాగా తాగాలి, చంటిపిల్లలకి, గర్భిణులకి కాస్త దూరంగా ఉండాలి.


రైలు_పట్టాలు
అక్టోబర్ 5, ఉదయం 11:15

చెన్నైకో హైదరాబాద్‌కో తిరగాల్సి వస్తే రైలు రాయితీ వాడుకోండి. క్యాన్సర్ పేషెంట్‌కి చికిత్సకి గానీ చెకప్‌కి గానీ వెళ్లేటప్పుడు స్లీపర్, థర్డ్ ఏసీలో చార్జీ మొత్తం మినహాయింపు. తోడు వెళ్లేవారికి అదే తరగతుల్లో 75 శాతం. సెకండ్ ఏసీలో ఇద్దరికీ 50 శాతం. ఆసుపత్రిలో నిర్ణీత ఫారం మీద సంతకం, స్టాంపు వేయించుకుని రిజర్వేషన్ కౌంటర్‌కి రావాలి. నేను కౌంటర్‌లో కూర్చునేవాణ్ని. ఫుల్ చార్జీ కట్టి, స్కాన్ కవర్ చంకలో పెట్టుకుని వెళ్లేవాళ్లని చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. అడిగితే ఆ ఫారం సంగతి వాళ్లకి తెలియనే తెలియదు.


పెన్నా_గట్టు
అక్టోబర్ 11, రాత్రి 10:30

ఐహెచ్‌సీ వచ్చింది. ఈఆర్ పాజిటివ్, పీఆర్ పాజిటివ్, హెర్2 2+. తమ్ముడు ముందే చెప్పుండకపోతే ఆ 2+ చూసి నేను కూలబడిపోయేవాణ్ని. ఈసారి నేను నోరు తెరిచేలోపల ఆవిడే డాక్టరుని అడిగింది, "అయితే ఫిష్ చేయాలా సార్?" అని. ఆయన ఆశ్చర్యపోయి కుర్చీ ముందుకి జరుపుకోని ఆవిడతోనే మాట్లాడినాడు, బొమ్మ గీసి చూపించినాడు. ఇరవై నిమిషాలు. నాతో 22వ తేదీ మాట్లాడింది నాలుగు నిమిషాలు.

ఫిష్ బిల్లు ఆ గంటలోనే కట్టినా. రసీదు నోట్‌బుక్‌లో అంటించినా.

పెట్ స్కాన్ నిన్న అయింది. ముందురోజు రాత్రి పీట మీద కూర్చోని కాలు నా ఒళ్లో పెట్టింది. నూనె రాసి తిప్పి తిప్పి మెట్టెలు తీసినా. ఇరవై రెండేళ్ల మెట్టెలు, వేలి మీద తెల్లగా గుంట పడి ఉండాది. "మా మేనమామ చెప్తా ఉంటే పెట్టింది మీరే కదా" అనింది. పసుపు తాడు వాళ్లమ్మ కట్టింది. మంజీరమ్మా, నీ మాట వల్ల అక్కడ ఆవిడ ఇబ్బంది పడకుండా పోయింది. స్కాన్ సెంటర్లో మందు కారు రెండున్నర గంటలు లేటు. హాల్లో ఇంకో ముసలాయన ఆకలికి గొడవ చేస్తా ఉంటే మా ఆవిడే ఆయనకి చెప్పింది, ఆ మందు సగం సగం అయిపోతా ఉంటాది తాతా, అందుకే ముందు తెచ్చి పెట్టుకోలేరు అని.

గడ్డ 2.8 సెంటీమీటర్లు, చంకలో ఒక గ్రంథి. ఇంకెక్కడా లేదన్నారు.


కృష్ణలంక_కోడలు
అక్టోబర్ 12, ఉదయం 7:20

ఇంకెక్కడా లేదన్న మాట చదివి దేవుడి గది ముందు నిలబడ్డాను అన్నయ్యా. మీరు కూడా వేళకి తింటున్నారా? మా ఆయన చికిత్సలో నేను ఏడు కేజీలు తగ్గాను, ఎవరూ గమనించలేదు, నేను కూడా. వారానికి ఒక పూట మీ బావమరిదిని ఆసుపత్రికి పంపి మీరు నిద్రపోండి. వదిన గారిని అడిగే పంపండి.


పెన్నా_గట్టు
అక్టోబర్ 22, రాత్రి 8:15

ఫిష్ నెగెటివ్. ముందు కీమో, తర్వాత ఆపరేషన్, ఆ తర్వాత హార్మోన్ మాత్రలు ఏళ్ల తరబడి అన్నారు. వైద్య సేవ అప్రూవల్‌కి పెట్టినారు. ఓరుగల్లు అన్న చెప్పినట్టు పేరు చూస్తే కార్డులో ఒక అక్షరం తేడా ఉండాది, పెట్టకముందే దిద్దించుకున్నాం. పాపకి చెప్పినాం. హాస్టల్ నుంచి వచ్చి వాళ్లమ్మ పక్కన పడుకోనుండాది. పాథాలజీ అమ్మాయికి మా ఆవిడ అరిసెలు తీసుకపోయి ఇచ్చింది.

కీమోకి ముందు గుండెకి ఎకో తీయించుకురమ్మన్నారు. రేపు పొద్దున ఎనిమిదికి టోకెన్. దానికి కూడా ఖాళీ కడుపుతో పోవాలా తమ్ముడూ? కాగితంలో ఏమీ రాయలేదు.


ల్యాబ్_బ్లాక్
అక్టోబర్ 22, రాత్రి 8:31

మామూలు ఎకోకి అక్కరలేదన్నా. ఇద్దరూ టిఫిన్ తినే వెళ్లండి.